250 వచ్చింది, లెక్క రాలేదు

మెయిన్‌ఫ్రేమ్‌లో 12345గా ఉన్న మొత్తం ఒకసారి డెస్క్‌టాప్‌కి దిగి, తిరిగి పైకి వెళ్లేసరికి 12942 అయిపోవచ్చు. తీగ తెగదు, వైరస్ సోకదు, మధ్యలో ఎవరి చెయ్యీ పడదు. దిగేటప్పుడూ ఎక్కేటప్పుడూ తెర మీద ‘బదిలీ పూర్తయింది’ అనే ఉంటుంది. నమ్మకం కుదరనివారు కాగితం, కలం తీసుకుని లెక్క వేసి చూసుకోవచ్చు.

కోబాల్ ప్రోగ్రాములు డబ్బు మొత్తాలను తరచూ కాంప్-3 (ప్యాక్డ్ డెసిమల్) అనే పద్ధతిలో దాస్తాయి. ఒక్కో బైటులో రెండేసి అంకెలు, ఆఖరి అరబైటులో ప్లస్ లేదా మైనస్ గుర్తు. ఆ లెక్కన +12345 అంటే 12, 34, 5సి అనే మూడు బైట్లు. ఈ ఫైలును ఎవరో మామూలు టెక్స్ట్ అనుకుని ఆస్కీ మోడ్‌లో దించారనుకుందాం. ఐబీఎం-1047 కోడ్ పేజీని ఐఎస్‌ఓ 8859-1లోకి మార్చే పట్టిక 12 జోలికి పోదు. 34ను 94 చేస్తుంది. 5సి మెయిన్‌ఫ్రేమ్ అక్షరాల కోడ్ అయిన ఎబ్సిడిక్‌లో నక్షత్రం గుర్తు కాబట్టి దాన్ని ఆస్కీ నక్షత్రమైన 2ఎ చేస్తుంది. చేతికొచ్చేది 12, 94, 2ఎ. ప్యాక్డ్ డెసిమల్‌లో చివరి ‘ఎ’ కూడా చెల్లుబాటయ్యే ప్లస్ గుర్తే. ఆ బైట్లను ఈసారి బైనరీలో పైకి పంపితే, కోబాల్ ప్రోగ్రాము వాటిని 12942 అని చదువుకుని నిశ్చింతగా ముందుకు పోతుంది.

ఇదే తప్పు ఎదురు దిశలో జరిగితే కథ వేరు. డెస్క్‌టాప్ ప్రోగ్రామే 12, 34, 5సి తయారు చేసి ఆస్కీ మోడ్‌లో పైకి పంపితే అవి 12, ఎఫ్4, ఇ0 అవుతాయి. ‘ఎఫ్’ అంకె కాదు, చివరి సున్నా గుర్తూ కాదు. అర్ధరాత్రి బ్యాచ్ జాబ్ దాన్ని కూడబోయి ఎస్0సి7 అబెండ్‌తో కూలిపోతుంది, డ్యూటీలో ఉన్నవాడి నిద్ర పోతుంది. అయినా ఈ రెండు కథల్లో అదృష్టవంతుడు నిద్ర పోగొట్టుకున్నవాడే. తప్పు జరిగిందని అతనికి కనీసం తెలిసింది.

డెస్క్‌టాప్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కి తనంతట తాను సాగే ఫైల్ బదిలీ చెడిందంటే చాలామంది వెతుకులాట నెట్‌వర్క్ దగ్గర మొదలుపెడతారు. పింగ్ వస్తోందా, పోర్టు తెరిచి ఉందా, ఫైర్‌వాల్ వాళ్లతో మాట్లాడారా? అడగాల్సినవే. కానీ అక్కడ చెడినవి అరిచి చెబుతాయి, గంటలోనో పూటలోనో దొరికిపోతాయి. రోజుల తరబడి తిప్పలు పెట్టేవి ‘విజయవంతంగా’ ముగిసిన బదిలీలు. బదిలీ పూర్తయిందని ఎఫ్‌టీపీ సర్వర్ పంపే 250 అనే సంఖ్య పోస్టు అక్నాలెడ్జ్‌మెంటు కార్డు లాంటిది. కవరు చేరిందని దాని మీద సంతకం ఉంటుంది. లోపలి ఉత్తరం చదవడానికి వీలుగా ఉందో లేదో పోస్ట్‌మ్యాన్‌కేం తెలుసు? చేత్తో పంపిన రోజుల్లో గుమస్తా అవతలి తెర మీద నాలుగు వరుసలైనా చూసేవాడు. ఆ పని ప్రోగ్రాముకు అప్పగించాక చూసే కన్ను పోయి, సంఖ్య ఒక్కటే మిగిలింది.

గొడవ మూలం పాతది. విండోస్‌కు గానీ యునిక్స్‌కు గానీ ఫైలంటే బైట్ల పొడవాటి దారం. వరుస ఎక్కడ ముగిసిందో చెప్పడానికి మధ్యలో ముడి లాంటి అక్షరాలు ఉంటాయి. మెయిన్‌ఫ్రేమ్‌కు ఫైలంటే కార్డుల కట్ట. ఐబీఎం 80 గళ్ల పంచ్ కార్డును 1928లో తెచ్చింది. 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360ని ప్రకటించేనాటికి లోకంలోని లెక్కల్లో చాలావరకు ఆ కార్డుల మీదే ఉన్నాయి. నేటికీ జాబ్‌లకు ఆదేశాలిచ్చే జేసీఎల్ రాసేవారు 80 గళ్లు దాటరు. అక్కడ డేటాసెట్ అనే ప్రతి ఫైలుకూ పుట్టుకతోనే కొన్ని కొలతలు రాసి ఉంటాయి. రికార్డు పొడవు చెప్పే ఎల్‌రెక్‌ఎల్, అన్ని రికార్డులూ ఒకే పొడవా వేర్వేరా అని చెప్పే రెక్‌ఎఫ్ఎం, ఇంకా బ్లాక్ సైజు. దారాన్ని కార్డులుగా కత్తిరించే పని ఎవరో ఒకరు చేయాలి. ఆ కత్తెర ఎవరి చేతిలో ఉందో తెలియకపోవడమే సగం సమస్య.

మిగతా సగం అక్షరాల కోడ్. ఆస్కీలో ‘ఎ’ అనే ఇంగ్లిష్ పెద్దక్షరం హెక్స్‌లో 41, ఎబ్సిడిక్‌లో సి1. సున్నా అక్కడ 30, ఇక్కడ ఎఫ్0. ఖాళీ గడి అక్కడ 20, ఇక్కడ 40. ఎబ్సిడిక్‌లో అక్షరమాల ఒకే వరుసలో కూడా ఉండదు. ‘ఐ’ సి9 దగ్గర ఆగిపోతే ‘జె’ డి1 దగ్గర మొదలవుతుంది, పంచ్ కార్డు రంధ్రాల వారసత్వమది. వరుసక్రమం కూడా తిరగబడుతుంది. ఆస్కీలో అంకెలు ముందు, అక్షరాలు తర్వాత. ఎబ్సిడిక్‌లో అక్షరాలు ముందు, అంకెలు ఆఖరున. డెస్క్‌టాప్‌లో ఖాతా నంబరు ప్రకారం చక్కగా సార్ట్ చేసి పంపిన ఫైలు, ఆ నంబర్లలో అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటే, మెయిన్‌ఫ్రేమ్ దృష్టిలో చిందరవందర. ‘సార్ట్ చేసే పంపాం’ అని ఒకరు, ‘వరుస తప్పింది’ అని ఇంకొకరు వాదించుకుంటారు. ఇద్దరిదీ నిజమే.

ఈ తకరారు వస్తుందని ఎఫ్‌టీపీని మలిచినవారికి ముందే తెలుసు. దాని తొలి ప్రమాణాన్ని 1971 ఏప్రిల్‌లో ఆర్ఎఫ్‌సీ 114గా రాసింది ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్‌లో చదివి ఎంఐటీకి వెళ్లిన అభయ్ భూషణ్. ఆర్పానెట్ మొదటి నాలుగు కేంద్రాల్లో ఒకటైన శాంటా బార్బరాలో అప్పటికే ఐబీఎం 360/75 ఉంది. 1985 నాటి ఆర్ఎఫ్‌సీ 959లో ఆస్కీ, బైనరీలతో పాటు ఎబ్సిడిక్ రకం, రికార్డుల నిర్మాణం కూడా కనిపిస్తాయి. డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసినవారిలో ఆ పేజీలు తిప్పినవారు తక్కువ.

చిక్కులు బయల్దేరే చోట, అంటే డెస్క్‌టాప్ దగ్గరే మొదలవుతాయి. ఎక్సెల్ లేదా యాక్సెస్ మాక్రో ఒక ఫైలు రాసి, షెల్ ద్వారా ఎఫ్‌టీపీని పిలిచి, తర్వాతి వాక్యంలో ఆ ఫైలును చెరిపేస్తుంది. ఆ మాక్రోల భాష వీబీఏలోని షెల్ పని పూర్తయ్యేదాకా ఆగదు, పిలిచిన మరుక్షణం తిరిగొస్తుంది. చిన్న ఫైలైతే బదిలీ గెలుస్తుంది, పెద్దదైతే చెరిపివేత గెలుస్తుంది. అందుకే ఇది నెలాఖరున మాత్రమే చెడుతుంది. ఇక విండోస్‌తో వచ్చే పాత ఎఫ్‌టీపీ ప్రోగ్రాము సంగతి. స్క్రిప్టులో లాగిన్ విఫలమైనా అది ఆగదు. మిగతా ఆదేశాలన్నీ గోడకు చెప్పుకుంటూ పోయి, చివరికి అంతా బాగున్నట్టే సున్నా కోడ్‌తో ముగుస్తుంది. పిలిచిన ప్రోగ్రాము ఆ సున్నాను చూసి ‘పంపబడింది’ అని టిక్కు పెడుతుంది. ఆ కోడ్‌ను నమ్మకుండా, సంభాషణ మొత్తాన్ని లాగ్‌లో దాచి, అందులోని మూడంకెల జవాబులను చదవాలి. రెండుతో మొదలైతే సరే. నాలుగు అంటే కాసేపాగి మళ్లీ చూడొచ్చు. అయిదు అంటే ఎన్నిసార్లు తలుపు కొట్టినా తెరుచుకోదు.

టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టిన రోజు నుంచి ఆడని స్క్రిప్టుకు మందు సాధారణంగా ఒక్కటే. నెట్‌వర్క్ ఫోల్డరుకు పెట్టుకున్న జెడ్ డ్రైవు లాగిన్ అయిన మనిషికి ఉంటుంది, రాత్రిపూట ఒంటరిగా నడిచే టాస్కుకు ఉండదు. నెట్‌వర్క్ దారి పూర్తిగా రాయాలి.

తలుపు దగ్గర చిక్కుల్లో సంకేతపదానిది పెద్దపీట. మెయిన్‌ఫ్రేమ్ కాపలాదారు ర్యాక్ఎఫ్ గడువు ముగిసిన పాస్‌వర్డును ఒప్పుకోదు, 530 అంటుంది. మనిషైతే కొత్తది పెట్టుకుంటాడు. ఆటోమేషన్ అయిదు నిమిషాలకోసారి పాతదే మళ్లీ పంపి, యూజర్ ఐడీనే రివోక్ చేయించుకుంటుంది. మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమైన జెడ్/ఓఎస్ ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు చోట పాతది, కొత్తది, మళ్లీ కొత్తది ఏటవాలు గీతలతో విడదీసి ఇస్తే అక్కడికక్కడే మారుతుందన్న సంగతి చాలా ప్రోగ్రాములకు తెలియదు. లాగిన్ అయ్యాక, ఫైలు పంపబోతే వేలాడిపోయి 425 వస్తే అది ఫైర్‌వాల్ పని. యాక్టివ్ మోడ్‌లో సర్వరే వెనక్కి కనెక్షన్ తెరవాలి, డెస్క్‌టాప్ ముందున్న గోడ దాన్ని రానివ్వదు. విండోస్ పాత క్లయింటుకు పాసివ్ మోడ్ రాదు కాబట్టి క్లయింటునే మార్చుకోవాలి. ఎఫ్‌టీపీఎస్‌కు మారితే ఇంకో మెలిక. సంభాషణ గుప్తమైపోవడంతో ఏ పోర్టు తెరవాలో ఫైర్‌వాల్‌కు వినిపించదు.

పేరు దగ్గర జరిగేది మాత్రం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. జెడ్/ఓఎస్‌లో డేటాసెట్ పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య పెట్టకపోతే, సర్వర్ దాని ముందు యూజర్ ఐడీని తగిలిస్తుంది. ‘ప్రాడ్.పే.డైలీ’కి పంపామనుకున్నది ‘పేయూజర్.ప్రాడ్.పే.డైలీ’ అనే కొత్త డేటాసెట్‌గా పుడుతుంది. 250 వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. రాత్రి జాబ్ అసలు పేరున్న డేటాసెట్‌లో నిన్నటి సరుకునే చదివి మళ్లీ ప్రాసెస్ చేస్తుంది. ఈ గుర్తులు స్క్రిప్టు రాసినప్పుడు ఉంటాయి. ఎవరో ఆ స్క్రిప్టును వర్డ్‌లో తెరిచి సరిచేస్తే నిటారు గుర్తులు వంకర గుర్తులుగా మారతాయి. కంటికి తేడా తెలియదు, సర్వర్‌కు తెలుస్తుంది.

జాగా సమస్య హైదరాబాద్ అమీర్‌పేట మెయిన్‌ఫ్రేమ్ క్లాసుల్లో కూర్చున్నవారికి కొత్త కాదు. బి37కీ డి37కీ తేడా ఏమిటన్నది ఇంటర్వ్యూల్లో అరిగిపోయిన ప్రశ్న. మొదట ఇచ్చిన జాగా నిండి, రెండో విడత అడగనే లేకపోతే డి37. విడతలన్నీ వాడేసినా చాలకపోతే బి37. ఎఫ్‌టీపీ దాకా వచ్చేసరికి ఈ పాఠం మరిచిపోతారు. సర్వర్ సెట్టింగులను సైటు వాళ్లు మార్చకపోతే కొత్త డేటాసెట్‌కు దక్కేది ఒక ట్రాకు, తర్వాత ఒక్కో ట్రాకు చొప్పున. మామూలు డేటాసెట్‌కు ఒక వాల్యూమ్‌లో 16 ఎక్స్‌టెంట్లే (జాగా ముక్కలే), అంటే 16 ట్రాకులు. 3390 డిస్కులో ట్రాకుకు గరిష్ఠంగా 56,664 బైట్లు. మొత్తం కలిపినా 9 లక్షల చిల్లర, మెగాబైటు కూడా నిండదు. మూడేళ్లుగా చక్కగా నడిచిన బదిలీ, ఉద్యోగుల సంఖ్య పెరిగిన ఒక నెలలో చెడటానికి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. ఫైలు పంపే ముందే సైట్ ఆదేశంతో జాగా, కొలతలు అడగాలి. విండోస్ క్లయింటుకు సైట్ అనే ఆదేశం తెలియదు, కోట్ సైట్ అని చెప్పాలి. డేటాసెట్ ముందే ఉంటే దాని కొలతలే చెల్లుతాయి, కోరికలు చెల్లవు.

ఆ కొలతల్లో ఇమడని వరుస ఏమవుతుంది? మామూలు అమరికలో మిగిలిన ముక్కను కత్తిరించి పారేస్తారు. వచ్చేది విజయసంఖ్యే. కత్తిరింపు సంగతి పక్కనున్న మాటల్లో ఉంటుంది, ప్రోగ్రాము మాటలు చదవదు.

అమెరికాలో జీతాలు బ్యాంకు ఖాతాల్లో వేసే ఏసీహెచ్ ఫైలు దీనికి మంచి ఉదాహరణ. 1974లో ఏర్పడిన నాచా అనే సంస్థ దాని నియమాలు చూస్తుంది. ప్రతి రికార్డూ కచ్చితంగా 94 అక్షరాలు. మొత్తం రికార్డులు పది గుణిజం కావాలి, తక్కువైతే 9 అనే అంకెతోనే నింపిన వరుసలు చేరుస్తారు. ఒక్కో జీతం రికార్డులో 30 నుంచి 39 దాకా సెంట్లలో మొత్తం, 55 నుంచి 76 దాకా పేరు, 80 నుంచి 94 దాకా ట్రేస్ నంబరు. జీతాల ప్రోగ్రాము యూటీఎఫ్-8లో ఫైలు రాసిందనుకుందాం. ఉద్యోగి పేరు హోసే. స్పానిష్ రాతలో చివరి అక్షరం నెత్తిన చిన్న గీత ఉంటుంది, యూటీఎఫ్-8లో దానికి రెండు బైట్లు. ఎడిటర్‌లో 94గా కనిపించే వరుస తీగ మీద 95. పేరు తర్వాతివన్నీ ఒక గడి కుడికి జరుగుతాయి, ట్రేస్ నంబరు చివరి అంకె కత్తెరకు పోతుంది. మొత్తం పేరుకన్నా ముందున్న గళ్లలో ఉంది కాబట్టి డబ్బు లెక్క చెదరదు, రూటింగ్ నంబర్లను కూడి వేసే హ్యాష్ కూడా సరిపోతుంది. ఒక్క హోసే వరుసలోనే తేడా.

ఫైలు మొదట్లో పాత నోట్‌ప్యాడ్ లాంటివి పెట్టే బామ్ గుర్తుకు మూడు బైట్లు. అది మొదటి రికార్డును మాత్రమే మూడు గళ్లు జరుపుతుంది, అంటే హెడర్‌ను. తెలుగు పేర్లైతే మరీ కష్టం. ‘తెలుగు’ అన్న మాటకే యూటీఎఫ్-8లో 18 బైట్లు, ఎబ్సిడిక్ ఏకబైటు పేజీల్లో దానికి చోటే లేదు. రుణసంఖ్యలది ఇంకో తీరు. డెస్క్‌టాప్ ముందు మైనస్ పెట్టి 123 రాస్తుంది. కోబాల్ జోన్డ్ అంకెలో గుర్తు చివరి అంకె మీద ఎక్కి కూర్చుంటుంది కాబట్టి అక్కడ అది ‘12ఎల్’గా కనబడాలి.

టెర్మినల్ ఎమ్యులేటర్ల దారి వేరు. 1983లో 3270 పీసీతో వచ్చిన ఐఎన్‌డీ డాలర్ ఫైల్ అనే బదిలీ ప్రోగ్రాము నేటికీ చాలా ఆఫీసుల్లో బతికే ఉంది. దీనికి రాసిన మాక్రో తెర మీద ‘రెడీ’ కనబడుతుందని ఎదురుచూస్తుంది. లాగిన్ కాగానే సిస్టమ్ ఏదో ప్రకటన చూపినా, సెషన్ మెయిన్‌ఫ్రేమ్ పని తెరలైన ఐఎస్‌పీఎఫ్ మెనూలో నిలబడి ఉన్నా, మాక్రో టైపు చేసిన ఆదేశం తప్పు చోట పడుతుంది. సెకన్లు లెక్కపెట్టి ఆగే మాక్రో కన్నా కీబోర్డు తాళం తెరుచుకుందో లేదో చూసే మాక్రో నయం. జవాబుల్లో ట్రాన్స్03 అంటే పూర్తయింది. ట్రాన్స్04 కూడా పూర్తయిందనే చెబుతుంది, రికార్డులు ముక్కలయ్యాయన్న చిన్న మాట జోడించి. ‘కంప్లీట్’ అన్న పదం కోసం వెతికే మాక్రోకు రెండూ ఒకటే.

అసలు ప్రమాదం రెండుసార్లు పంపడం. పెద్ద ఫైలు వెళ్తున్నంతసేపూ ఎఫ్‌టీపీ సంభాషణ కనెక్షన్ మౌనంగా ఉంటుంది. అది చచ్చిందనుకుని ఫైర్‌వాల్ కోసేస్తుంది. డేటా మొత్తం చేరుతుంది, 250 మాత్రం చేరదు. ప్రోగ్రాము విఫలమైందనుకుని మళ్లీ పంపుతుంది. గమ్యం జీడీజీలో, అంటే ఒకే పేరు కింద వరుసగా పేరే డేటాసెట్ల గుంపులో, ప్లస్ ఒకటైతే ప్రతి ప్రయత్నమూ కొత్త జనరేషన్. చదివే జాబ్‌లో బేస్ పేరు మాత్రమే రాసి ఉంటే జనరేషన్లన్నీ కలిపి చదువుతుంది, జీతాలు రెండుసార్లు పడతాయి. నిజంగానే మధ్యలో తెగిన బదిలీకి ఇంకో ఉచ్చు ఉంది. జెడ్/ఓఎస్ సర్వర్ మామూలుగా సగం ఫైలును కూడా క్యాటలాగ్ చేసి ఉంచుతుంది. డేటాసెట్ కనబడగానే జాబ్ నడిపే షెడ్యూలర్ ఉంటే ఆ సగంతోనే పని మొదలు. సైట్ ఆదేశంలో కండ్‌డిస్ప్‌ను డిలీట్‌గా పెడితే సగం సరుకు మిగలదు. అంతకన్నా గట్టి పద్ధతి డేటా వెళ్లాక విడిగా చిన్న ట్రిగ్గర్ ఫైలు పంపడం, చదివే జాబ్‌లో ముందుగా ఫైలు చివరి ట్రైలర్‌లోని రికార్డుల సంఖ్య, మొత్తం సరిచూడటం.

ఎఫ్‌టీపీ పాతబడింది, పాస్‌వర్డులు తెరచాటు లేకుండా పోతాయి, నిజమే. బదులుగా వచ్చినవి తక్కువేం కాదు. పాతవారు ఇప్పటికీ ఎన్‌డీఎం అనే కనెక్ట్:డైరెక్ట్ తెగిన చోటి నుంచి తిరిగి అందుకుంటుంది. ఎస్‌ఎఫ్‌టీపీ ఉంది, కాకపోతే అది జెడ్/ఓఎస్‌లో యునిక్స్ ఫైళ్ల వైపు పుట్టినది కాబట్టి డేటాసెట్లకు కో:జెడ్ లాంటి తోడు కావాలి. 2018లో ఐబీఎం, సీఏ, రాకెట్ కలిసి మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ జోవీ ఒక్క కమాండుతో ఫైలు ఎక్కిస్తుంది. ఇవన్నీ గొట్టాన్ని బాగుచేశాయి. బైనరీయా టెక్స్టా, ఏ కోడ్ పేజీ, ఎంత పొడవు అన్న ప్రశ్నలను మాత్రం జోవీ కూడా మనిషినే అడుగుతుంది, అడగకపోతే తానే ఒకటి అనుకుంటుంది.

పంపిన ఫైలును తిరిగి దించి పోల్చి చూడమని చాలామంది సలహా ఇస్తారు. ఆ పరీక్ష మీద అంత భరోసా పనికిరాదు. బైనరీలో ఎక్కించి బైనరీలో దించితే రెండూ అచ్చంగా సరిపోతాయి, మధ్యలో మెయిన్‌ఫ్రేమ్‌కు ఒక్క అక్షరం అర్థం కాకపోయినా. అవతలి గడ్డ మీద చూడటమే సరైన పరీక్ష. ఐఎస్‌పీఎఫ్‌లో డేటాసెట్ తెరిచి ‘హెక్స్ ఆన్’ కొడితే ప్రతి అక్షరం కిందా దాని కోడ్ నిలువుగా కనిపిస్తుంది. 80 అక్షరాల వరుసలు బైనరీలో వెళ్లి ఉంటే వరుస ముగింపు చెప్పే రెండు బైట్లూ లోపలే ఉండిపోతాయి, ఒక్కో రికార్డుకు రెండేసి గళ్లు జరిగి పాఠం మెట్లుమెట్లుగా దిగుతుంది.

అమెరికా సంస్థల మెయిన్‌ఫ్రేమ్ సపోర్టులో కొంత హైదరాబాద్ నుంచే నడుస్తుంది. వేసవిలో న్యూయార్క్‌లో రాత్రి పది గంటలకు పడిన జాబ్ ఇక్కడ ఉదయం ఏడున్నరకు టికెట్‌గా వస్తుంది. అటువైపు డెస్క్‌టాప్ వాళ్లు తమ లాగ్‌లో 250 ఉందని పంపుతారు, ఇటువైపు ఎస్0సి7 డంప్ ఉంటుంది. అనుభవం ఉన్నవాడు ఆ రెండూ పక్కనపెట్టి, డేటాసెట్ తెరిచిన కుర్రాణ్ని ముందు ఒక్క ప్రశ్నే అడుగుతాడు: ‘ఆ ఖాళీ గళ్ల కింద 40లు ఉన్నాయా, 20లు ఉన్నాయా?’